తాళంకప్పతో మొదలైన స్వదేశీ పరిశ్రమ

ముంబై: ఇనప్పెట్టె అనగానే స్ఫురించే గోద్రెజ్ సంస్థకు పునాది వేసిన అర్దెషీర్ గోద్రెజ్ వృత్తిరీత్యా న్యాయవాది. నమ్మని మాటను న్యాయస్థానంలో పలకలేక ఆ వృత్తిని విడిచిపెట్టిన ఆయన, జనం నమ్మదగిన తాళాల తయారీకి జీవితాన్ని వెచ్చించారు.

ఆయన 1868లో బొంబాయిలోని ఒక పార్శీ కుటుంబంలో జన్మించారు. 1891లో రాజాబాయి గడియార స్తంభం వద్ద జరిగిన దుర్ఘటనలో భార్య బచూబాయి మరణించారు. ఆయన మళ్లీ వివాహం చేసుకోలేదు. 1894లో ఒక వ్యాజ్యం నిమిత్తం జాంజిబార్ వెళ్లి, సత్యం కాదని తోచిన వాదన వినిపించేందుకు నిరాకరించి తిరిగి వచ్చేశారు.

అనంతరం మందుల దుకాణంలో సహాయకునిగా పనిచేస్తూ, కుటుంబ మిత్రుడు మేర్వాన్‌జీ కామా వద్ద 3,000 రూపాయలు అప్పు తీసుకుని శస్త్రచికిత్స పరికరాల తయారీ ఆరంభించారు. వాటిపై భారతదేశంలో తయారైనట్లు ముద్ర వేయాలని ఆయన పట్టుబట్టగా, కొనుగోలుదారైన ఆంగ్ల వ్యాపారి అంగీకరించలేదు. దానితో ఆ వ్యాపారం మూతపడింది.

బొంబాయిలో దొంగతనాలు పెరుగుతున్నాయన్న పత్రికా వార్త ఆయన దృష్టిని తాళాల వైపు మళ్లించింది. కామా మరోసారి ఆర్థిక సహాయం చేయగా, 1897లో లాల్‌బాగ్‌లోని ఒక చిన్న షెడ్డులో కొద్దిమంది పనివారితో తయారీ మొదలైంది. కామా బంధువు బాయ్స్ కొంతకాలం భాగస్వామిగా ఉండి వైదొలగినా, ఆయన పేరు సంస్థ పేరులో నిలిచిపోయింది.

తాళానికి అసలు ముప్పు మారు తాళంచెవి. సరకుల లారీ యజమానికైనా, గిడ్డంగి యజమానికైనా రెండో తాళంచెవి ఎవరి చేతిలో ఉన్నదన్నదే బెంగ. ఈ సమస్యకు గోద్రెజ్ గార్డియన్ తాళంతో పరిష్కారం చూపారు. దానికి రెండు తాళంచెవులుండేవి. రెండింటితోనూ తాళం తెరుచుకునేది. అయితే వాటిలో ఒకదానితో లోపలి అమరికను మార్చివేస్తే రెండోది పనికిరాకుండా పోయేది. డిటెక్టర్ అనే మరో తాళంలో పరాయి తాళంచెవి పెట్టి తిప్పితే అదనపు గడియ పడి, ఎవరో ప్రయత్నించారని యజమానికి తెలిసిపోయేది.

1902లో ఇనప్పెట్టెలు మార్కెట్లోకి వచ్చాయి. తమ్ముడు పిరోజ్‌షా తోడుకావడంతో సంస్థ విస్తరించింది. తొలి ప్రపంచ యుద్ధ కాలం తర్వాత జంతువుల కొవ్వు వాడకుండా, నూనెగింజల నుంచి తీసిన నూనెలతో సబ్బులు తయారు చేయించారు. 1921లో బెజవాడలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు సేకరించాలని తీర్మానించగా, గోద్రెజ్ 3 లక్షల రూపాయల విరాళమిచ్చారు.

చివరి సంవత్సరాలలో వ్యాపారాన్ని తమ్మునికి అప్పగించి నాసిక్‌లో వ్యవసాయం చేపట్టినా, అది కలిసిరాలేదు. 1936లో ఆయన కన్నుమూశారు. సంతానం లేకపోవడంతో సంస్థ పిరోజ్‌షా వారసులకు దక్కింది. 2024లో వారు ఆస్తులు పంచుకుని రెండు వర్గాలుగా విడిపోయారు. తాళాల వ్యాపారం గోద్రెజ్ అండ్ బాయ్స్‌తో పాటు జంషీద్ గోద్రెజ్ వర్గానికి చెందింది.