రిచర్డ్ షటిల్‌వర్త్

రిచర్డ్ ఆర్మండ్ షటిల్‌వర్త్ (జూలై 16, 1909 - ఆగష్టు 2, 1940) బ్రిటన్‌కు చెందిన కారు పందెగాడు, విమాన చోదకుడు, పాత వాహనాల సంగ్రాహకుడు. బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని ఓల్డ్ వార్డెన్‌లో ఉన్న షటిల్‌వర్త్ కలెక్షన్ అనే ప్రసిద్ధ విమాన సంగ్రహాలయానికి ఇతడే ఆద్యుడు.

జీవితం

ఆవిరి యంత్రాలు, వ్యవసాయ యంత్రాలు తయారుచేసే లింకన్ నగరపు క్లేటన్ అండ్ షటిల్‌వర్త్ సంస్థ ఇతని పూర్వీకులది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ సంస్థ సాప్‌విత్ కేమెల్ యుద్ధవిమానాలను కూడా నిర్మించింది. రిచర్డ్ నాలుగేళ్ళ వయసులోపే 1913లో తండ్రి మరణించాడు. తల్లి డొరొతీ పెంచింది. ఈటన్‌లో చదువుకొని కొంతకాలం సైన్యంలో పనిచేశాడు. 1932లో డి హావిలాండ్ మాత్ విమానాన్ని కొన్నాడు. అది ఇతని మొదటి విమానం. నేటికీ ఓల్డ్ వార్డెన్‌లోనే ఉన్నది.

1933లో వైస్రాయి కప్పు విమాన పందెంలో పాల్గొనడానికి జార్జ్ స్టెడ్‌తో కలిసి, చెరొక చిన్న కాంపర్ స్విఫ్ట్ విమానంలో ఢిల్లీకి వచ్చాడు. 1935లో మొట్టమొదటి డోనింగ్టన్ గ్రాండ్ ప్రీని ఆల్ఫా రోమియో కారుతో గెలిచాడు. 1936 జనవరిలో దక్షిణాఫ్రికా గ్రాండ్ ప్రీలో తీవ్రంగా గాయపడ్డాడు.

సేకరణ

ఆ కాలంలో పాత విమానమంటే పాత ఇనుముతో సమానం. రిచర్డ్ మాత్రం వాటిని కొని, బాగుచేయించి, మళ్ళీ ఎగిరించాడు. 1909 నాటి బ్లేరియో, 1910 నాటి డిపెర్డుస్సిన్ విమానాలను 1935లో సంపాదించాడు. బ్లేరియో నేడు ప్రపంచంలో ఎగరగలిగే అతిపురాతన విమానాలలో ఒకటి. మూడు సిలిండర్ల బలహీనమైన ఇంజను కావడంతో గాలి నిశ్చలంగా ఉన్నప్పుడే, నేలను అంటిపెట్టుకున్నట్లుగా, కొద్ది దూరం మాత్రమే ఎగురుతుంది. 1912 నాటి బ్లాక్‌బర్న్ మోనోప్లేన్ శిథిలావస్థలో లభించింది. దాని మరమ్మతు ఇతని మరణానంతరమే పూర్తయింది.

యుద్ధవిమానాలకు సంబంధించి ముఖ్యమైనది సాప్‌విత్ పప్. యుద్ధానంతరం పౌర అవసరాలకై రెండు సీట్లతో తయారైన సాప్‌విత్ డవ్ ఒకటి దొరకగా, దానిని ఒక సీటు గల సైనిక పప్‌గా మార్పించాడు. అసలు రూపాన్ని మార్చడం భద్రపరచడం అవుతుందా అన్న ప్రశ్న ఇక్కడ తలెత్తుతుంది. అయితే గాలిలో ఎగిరే పప్‌ను నేటి ప్రేక్షకులు చూడగలగడానికి ఈ మార్పే కారణం.

మరణం, తరువాత

రెండవ ప్రపంచ యుద్ధంలో రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో చేరాడు. బెన్సన్ స్థావరం సమీపంలో రాత్రి శిక్షణలో ఉండగా, ఇతడు నడుపుతున్న ఫెయిరీ బ్యాటిల్ విమానం కూలి 31 ఏళ్ళ వయసులో మరణించాడు. ఇతనికి వివాహం కాలేదు. ఏకైక కుమారుని స్మారకంగా డొరొతీ 1944లో ట్రస్టును నెలకొల్పి, ఎస్టేటును విమానయాన, వ్యవసాయ విద్యలకై అప్పగించింది. సంగ్రహాలయాన్ని 1963లో ప్రజల సందర్శనకై తెరిచారు. తరువాత హరికేన్, స్పిట్‌ఫైర్ వంటి యుద్ధవిమానాలు ఇందులో చేరాయి. 1933 ఢిల్లీ పందెంలో తేయాకు తోటల యజమాని ఆల్బన్ అలీ నడిపిన కాంపర్ స్విఫ్ట్ కూడా కాలక్రమాన ఓల్డ్ వార్డెన్‌కే చేరింది.