పెంటపోగులో పడిందే పొలానికి చేరుతుంది: సర్ ఆల్బర్ట్ హోవార్డ్ జీవితం నేర్పే జాగ్రత్తలు

వెల్దుర్తి, మాచర్ల వైపు పత్తి, మిరప, కంది వేసే చిన్న రైతులకు ఇంటి పశువుల ఎరువు సరిపోవడం లేదు. కొందరు సొంతంగా కంపోస్టు చేసుకుంటున్నారు. మరికొందరు ట్రాక్టరు లెక్కన బయట కొంటున్నారు. వానల మీద ఆధారపడిన నేలలో తేమ నిలవాలంటే సేంద్రియ ఎరువు వేయాల్సిందే. కానీ ఆ ఎరువుతో పాటు గాజు పెంకులు, ప్లాస్టిక్ ముక్కలు, మందుల అవశేషాలు చేలోకి వస్తే వాటిని తిరిగి ఏరడం మీ తరంలో అయ్యే పని కాదు. కంపోస్టుకు ఒక పద్ధతిని మన దేశంలోనే, పత్తి పండే నల్లరేగడిలో రూపొందించిన శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవార్డ్. ఆయన జీవితం తెలిస్తే పోగులోకి ఏది రావాలో, ఏది రాకూడదో మీకే అర్థమవుతుంది.

రైతు కుటుంబం నుంచి పూసా వరకు

హోవార్డ్ 1873లో ఇంగ్లండులోని ష్రాప్‌షైర్‌లో రైతు కుటుంబంలో పుట్టారు. కేంబ్రిడ్జిలో చదివి, వెస్టిండీస్‌లోని బార్బడోస్‌లో చెరకు తెగుళ్ల మీద పనిచేశారు. తెగులుకు మందు చెప్పడమే తప్ప, దాన్ని పరీక్షించడానికి తనకంటూ పొలం లేకపోవడం ఆయనకు పెద్ద లోటుగా అనిపించింది. 1905లో బీహార్‌లోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థలో చేరాక ఆ లోటు తీరింది. అక్కడ సుమారు 75 ఎకరాలు ఆయన చేతికి వచ్చాయి. భార్య గేబ్రియెల్ కూడా వృక్షశాస్త్రవేత్తే. ఇద్దరూ కలిసి పూసా గోధుమ రకాలను రూపొందించారు.

పూసా చుట్టుపక్కల రైతులు మందుల్లేకుండానే తెగుళ్లు తక్కువగా ఉన్న పంటలు తీయడం ఆయన గమనించారు. వాళ్లనే గురువులుగా పెట్టుకున్నారు. నేల ఆరోగ్యంగా ఉంటే పైరు, ఆ పైరు తిన్న పశువు కూడా ఆరోగ్యంగా ఉంటాయన్న నమ్మకం ఆయనకు అక్కడే కుదిరింది. గాలికుంటు సోకిన పక్క పశువులతో ముట్టె రాసుకున్నా తన ఎద్దులకు ఆ రోగం రాలేదని ఆయన తర్వాత రాశారు. మీరు మాత్రం దీన్ని చూసి టీకా మానకండి.

ఇండోర్‌లో పత్తి కట్టెతో ఎరువు

1924లో ఆయన ఇండోర్‌లో మొదలైన మొక్కల పరిశోధన సంస్థకు అధిపతి అయ్యారు. అక్కడ ప్రధాన పంట పత్తి. ఎరువు చాలదు, పత్తి కట్టె, కంది కట్టె మాత్రం దండిగా ఉంటాయి. ఇక్కడి మీ పరిస్థితి కూడా అదే కదా. గట్టి కట్టెను బండి బాటల మీద పరిచి, చక్రాల కింద నలిగాక పోగుకు తెచ్చేవారు. ఆకు, గడ్డి, నలిగిన కట్టె ఒక పొర. దాని మీద పేడ, పశువుల మూత్రం ఇంకిన కొట్టంలోని మట్టి, కట్టెల బూడిద. ఇలా పొరలు పేర్చి, నీళ్లు చల్లి, మూడుసార్లు తిరగవేస్తే 3 నెలల్లో ఎరువు తయారయ్యేది. రసాయన శాస్త్రవేత్త యశ్వంత్ వాడ్‌తో కలిసి 1931లో ఈ పద్ధతిని పుస్తకంగా తెచ్చారు. దాన్నే నేటికీ ఇండోర్ పద్ధతి అంటున్నాం.

గేబ్రియెల్ 1930లో కన్నుమూశారు. హోవార్డ్ మరుసటి ఏడాది పదవి వదిలి ఇంగ్లండుకు వెళ్లారు. 1934లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది. 1940లో నేల ఆరోగ్యంపై మరో పుస్తకం రాశారు. 1947 అక్టోబరులో చనిపోయేదాకా కంపోస్టు గురించే ప్రచారం చేశారు.

ఆయన కాలంలో లేని చెత్త

ఇండోర్ పద్ధతిని తర్వాత పట్టణ చెత్తకు కూడా వాడారు. అప్పటి చెత్త అంటే చాలావరకు ఆకులు, తిండి మిగులు, బూడిద, పేడ. సరిగా పేర్చిన పోగులో 60 డిగ్రీలు దాటే వేడికి కలుపు విత్తనాలు, తెగులు క్రిములు చాలావరకు చస్తాయి. కానీ ఎంత వేడైనా సీసం, కాడ్మియం లాంటి లోహాలను పోగొట్టలేదు. ప్లాస్టిక్ ముక్కలవుతుందే గాని కుళ్లదు. కొన్ని కలుపు మందులు కూడా పోగులో విరగవు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 2000 ప్రాంతంలో క్లోపిరాలిడ్ కొట్టిన గడ్డి కంపోస్టులోకి వచ్చి, అది వేసిన తోటల్లో మొక్కల ఆకులు ముడుచుకుపోయాయి. ఆ మందు పడిన గడ్డి మేసిన పశువుల పేడలోనూ అది మిగులుతుంది. హోవార్డ్ పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది, కానీ పోగుకు చేరే ముందే చెత్త ఏరడం ఇప్పుడు మీ పని.

మీరు పాటించాల్సినవి

• పురుగుమందు డబ్బాలు, సంచులు, మల్చింగ్ షీటు, డ్రిప్ పైపుల ముక్కలు, బ్యాటరీలు, బల్బులు, సూదులు, సెలైన్ సీసాలు పోగు దగ్గరికే రానివ్వొద్దు. ఖాళీ మందు డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ నీటిని స్ప్రేయరు ట్యాంకులోనే పోయండి. డబ్బాకు చిల్లులు పొడిచి విడిగా ఉంచండి.

• కట్టెల బూడిద మంచిదే. ప్లాస్టిక్, రంగు వేసిన చెక్క కాల్చిన బూడిద వద్దు.

• కలుపు మందు కొట్టిన గడ్డిని పోగులో వేయకండి.

• పత్తి కట్టెను చేను గట్టున కుప్ప వేసి ఉంచితే గులాబీ రంగు పురుగు కాయల్లో దాక్కుంటుంది. పంట తీయగానే ముక్కలు చేసి పోగు మధ్యలో వేయండి. వయ్యారిభామను పూత రాకముందే వేయాలి.

• పోగులో వేడి పుట్టిందో లేదో చూడటానికి గునపం గుచ్చి పది నిమిషాలు ఉంచి తీయండి. చేత్తో పట్టుకోలేనంత వేడిగా ఉండాలి. తిరగవేసేటప్పుడు అంచున ఉన్నది లోపలికి వెళ్లేలా చూడండి.

• పట్టణ కంపోస్టు కొంటే సంచి మీది వివరాలు చదవండి, పరీక్ష నివేదిక అడగండి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం కిలోకు సీసం 100, క్రోమియం 50, ఆర్సెనిక్ 10, కాడ్మియం 5, పాదరసం 0.15 మిల్లీగ్రాములు మించకూడదు. నివేదిక చూపలేని విడి సరుకు ఎంత చౌకైనా దించుకోవద్దు.

• కొన్న ఎరువును జల్లెడ పట్టి చూడండి. ఒక కుండీలో ఎరువు, మట్టి సగం సగం, మరో కుండీలో ఉత్త మట్టి పోసి రెండింటిలో పెసర లేదా చిక్కుడు గింజలు వేయండి. మూడు వారాల్లో ఎరువు కుండీలో ఆకులు ముడుచుకున్నా, మొక్క మెలితిరిగినా ఆ ఎరువు చేలో చల్లకండి.

అనుమానం ఉంటే ఎరువు నమూనాతో మీ రైతు సేవా కేంద్రంలో గానీ, మండల వ్యవసాయ అధికారిని గానీ కలవండి. చల్లకముందు పరీక్షకు పట్టేది కొన్ని రోజులే. చల్లాక ఆ లోహాలు మీ పిల్లలు దున్నే నేలలోనే ఉండిపోతాయి.