న్యాయవాది, సంపాదకుడు, చరిత్రకారుడు – సురవరం ప్రతాపరెడ్డి

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల విద్యార్థులు ఇంటర్మీడియట్ ముగియగానే మమ్ములను తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. వాణిజ్యశాస్త్రం చదువుదుమా, న్యాయశాస్త్రం చదువుదుమా అని. రెండింటినీ కలిపి అయిదేండ్లలో చదువగల బి.కాం., ఎల్.ఎల్.బి. పట్టం ఉన్నదని చెప్పినచో, అది రెండు పడవలపై కాళ్ళుంచుట కాదా అని సందేహింతురు. ఈ సందేహానికి సమాధానంగా మన గడ్డపై పుట్టిన ఒక మహనీయుని జీవితాన్ని స్మరించదలచితిమి.

సురవరం ప్రతాపరెడ్డి గారు 1896 మే 28న గద్వాల సంస్థానంలోని బోరవెల్లిలో జన్మించారు. అది వారి మాతామహుల గ్రామం, స్వగ్రామం ఇటిక్యాలపాడు. కర్నూలులోను, హైదరాబాదు నిజాం కళాశాలలోను చదివిన పిమ్మట మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో బి.ఏ. పట్టం పొందారు. అటనుండి తిరువనంతపురం వెళ్ళి న్యాయశాస్త్రంలో బి.ఎల్. పూర్తి గావించారు. సంస్థానపు పల్లెనుండి బయలుదేరిన యువకుడు ఒక పట్టం తరువాత మరొక పట్టానికై దక్షిణ సముద్రతీరం వరకు పోవలసివచ్చిన కాలమది. తెలుగు, సంస్కృతం, ఉర్దూ, పారసీకం, ఆంగ్లం వారికి పరిచితములు. ఉర్దూ రాజభాషగా, న్యాయస్థానాల భాషగా ఉన్న హైదరాబాదు రాజ్యంలో ఈ బహుభాషా పాండిత్యం అలంకారమాత్రం కాదు. అదే జీవనాధారం, అదే ఆయుధం.

వారు కొంతకాలం న్యాయవాద వృత్తి చేశారు. తరువాత హైదరాబాదులోని రెడ్డి వసతిగృహం బాధ్యత స్వీకరించారు. వందలాది గ్రామీణ బాలురకు నీడనిచ్చిన ఆ సంస్థకు మూలపురుషులు, నగర కొత్వాలుగా ప్రసిద్ధులైన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి గారు కూడా వనపర్తి ప్రాంతమువారే. వసతిగృహ నిర్వహణమనగా భోజనపు ఖర్చు, విరాళాల జమ, పుస్తకాల కొనుగోలు. చట్టం చదివిన వానికి లెక్కలతో పని పడిన చోటు అది.

1926 మే 10న వారు గోలకొండ పత్రికను స్థాపించారు. పత్రిక నడుపుట సంపాదకీయం వ్రాసినంత సులభం కాదు. కాగితం ధర, ముద్రణ కూలి, తపాలా ఖర్చు, వసూలు కాని చందాలు — ఇవన్నీ చూచుకొన్నవానికే మరుసటి సంచిక వెలువడును. మరొకవైపు ప్రభుత్వపు ఆంక్షలు. బహిరంగసభ జరుపుటకు ముందుగా అనుమతి కోరవలెనని శాసించిన గస్తీ నిషాన్ 53 నాటి ప్రజాజీవితాన్ని బంధించింది. అట్టి దినాలలో, 1930లో జోగిపేటలో జరిగిన ప్రథమ ఆంధ్ర మహాసభకు వారు అధ్యక్షత వహించారు. చట్టపు హద్దు ఎక్కడున్నదో ఎరిగినవాడే ఆ హద్దు అంచువరకు ధైర్యంగా నడువగలడు.

నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న మాట వినవచ్చినప్పుడు వారు వాదానికి దిగలేదు, సాక్ష్యం చూపారు. 354 మంది కవుల రచనలతో 1934లో గోలకొండ కవుల సంచిక వెలువడింది. న్యాయవాది శిక్షణ సాహిత్యానికి చేసిన మేలు ఇది.

1949లో ప్రచురితమైన ఆంధ్రుల సాంఘిక చరిత్ర వారి కీర్తికి శిఖరం. రాజుల యుద్ధాలకు బదులు ప్రజల తిండి, బట్ట, వృత్తులు, వర్తకం, ఆటపాటలు అందులో ప్రధానస్థానం పొందాయి. 1955లో ఆ గ్రంథానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది; తెలుగులో తొలి పురస్కారమదే. కాని రచయిత దానిని చూడలేదు. 1952లో వనపర్తినుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైన ఆయన 1953 ఆగస్టు 25న పరమపదించారు. 2025లో రాష్ట్ర శాసనసభ హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయానికి వారి నామం ఉంచుతూ బిల్లును ఆమోదించింది.

ప్రతాపరెడ్డి గారు వాణిజ్యశాస్త్రంలో పట్టం పొందలేదు. లెక్కల విద్యను వసతిగృహమూ పత్రికా వారికి నేర్పినవి. నేటి విద్యార్థికి ఆ రెండూ ఒకే తరగతి గదిలో లభించుచున్నవి. బి.కాం. ముగించి వేరుగా ఎల్.ఎల్.బి. చదివినచో ఆరేండ్లు, కలిపి చదివినచో అయిదేండ్లు. ఒక సంవత్సరం మిగులుట స్వల్పలాభం. రెండు చూపులు కలుగుటయే పెద్ద లాభం. చెల్లని చెక్కును చూడుడు. వాణిజ్య విద్యార్థికి అది ఖాతాలో రద్దయిన పద్దు. న్యాయ విద్యార్థికి అది 1881 నాటి చట్టంలోని 138వ సెక్షను. బ్యాంకునుండి సమాచారం అందిన 30 దినాలలో నోటీసు ఈయవలెను, నోటీసు అందుకొన్నవానికి చెల్లించుటకు 15 దినాల గడువున్నది. ఈ రెండూ ఎరుగని చిన్నవ్యాపారి సొమ్ము పోగొట్టుకొని దైవాన్ని నిందించును.

మన ప్రాంతానికి ఇట్టివారి అవసరం అధికం. గద్వాల చీర భౌగోళిక గుర్తింపు పొందినది. ఆ గుర్తింపు తనకేమి హక్కునిచ్చునో నేతగానికి చెప్పువారు కావలెను. అడ్వాన్సు తీసుకొని దూరదేశాలకు వలసపోవు పాలమూరు కూలీ వ్రేలిముద్ర వేసిన కాగితంలో ఏమున్నదో, పట్టీలో మిగిలిన బాకీ న్యాయమైనదో చదివి చెప్పువారు కావలెను. లెక్క తప్పెక్కడ, చట్టం తప్పెక్కడ అని రెండూ ఒకేసారి చూడగలవాడే ఆ పని చేయగలడు.

కనుక మా విద్యార్థులకు మేము చెప్పునది ఒక్కటే. నల్లకోటుకై చదువకుడు, జీతమునకై మాత్రమే చదువకుడు. ఇటిక్యాలపాడు బిడ్డ తన చదువును తన ఊరిజనానికి ఖర్చుచేసినట్లు, మీరు నేర్చిన లెక్కను, చట్టాన్ని మీ ఊరివారి కాగితాలపై ఖర్చుచేయుడు. ఆనాడు మీ పట్టం సార్థకమగును.