మార్లవాయి హైమన్‌డార్ఫ్: మనం తెలుసుకోవాల్సిన జీవితం

ఈ ప్రత్యేక సంచికలో సేవాలాల్ మహరాజ్ గురించి, కొమురం భీం గురించి వ్యాసాలు ఎలాగూ ఉంటాయి. ప్రతి ఏడూ ఉంటున్నాయి, ఉండాలి కూడా. అందుకే మేము ఈసారి వేరే మనిషిని ఎంచుకున్నాం. ఆయన మన జాతివాడు కాదు, మన దేశంలో పుట్టినవాడూ కాదు. పైగా మన లంబాడాల గురించి మనకు నచ్చని మాటలు రాసినవాడు. భీమ్‌గల్ చుట్టుపక్కల తండాల్లో చదువుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆయన పేరు పోటీ పరీక్షల పుస్తకంలో ఒక బిట్టుగా చూసి ఉంటారు. అసలు జీవితం ఆ బిట్టులో పట్టదు.

ఆయన పేరు క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. 1909లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో, పేరున్న జమీందారీ కుటుంబంలో పుట్టాడు. అక్కడి విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం చదివి, అస్సాం కొండజాతుల మీద డాక్టరేటు తెచ్చుకున్నాడు. తర్వాత లండన్ వెళ్లి మలినోవ్‌స్కీ దగ్గర చదివాడు. మనుషుల గురించి రాయాలంటే వాళ్ల ఊళ్లోనే ఉండాలి, వాళ్ల భాష నేర్చుకోవాలి అన్నది ఆ గురువు పెట్టిన పద్ధతి. 1936లో నాగా కొండలకు వచ్చి కొన్యాక్ నాగాల మధ్య ఉన్నాడు.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. అదే 1936లో బ్రిటిష్ అధికారులు పాంగ్షా అనే నాగా గ్రామం మీదికి శిక్షించడానికి సిపాయిలతో వెళ్లారు. ఆ గ్రామాన్ని తగలబెట్టారు. ఆ దండుతో పాటు హైమన్‌డార్ఫ్ కూడా నడిచాడు, తర్వాత దాని గురించి పుస్తకంలో రాసుకున్నాడు. కొండల్లోకి ప్రభుత్వం ఎలా అడుగు పెడుతుందో ఆయన మొదట చూసింది ఆ మంటల్లోనే. పెద్దవాళ్ల జీవితాలు రాసేటప్పుడు ఇలాంటివి వదిలేయడం మన దగ్గర అలవాటు. మేము వదలదలచుకోలేదు.

1938లో బెట్టి ఎలిజబెత్‌ను పెళ్లి చేసుకున్నాడు. అదే ఏడాది హిట్లర్ ఆస్ట్రియాను జర్మనీలో కలిపేసుకున్నాడు. దాంతో హైమన్‌డార్ఫ్ చేతిలో ఉన్నది జర్మనీ పాస్‌పోర్టు అయింది. 1939లో దంపతులు మళ్లీ ఇండియాకు వచ్చిన కొద్దికాలానికే రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. బ్రిటిష్ వాళ్ల లెక్కలో ఆయన శత్రుదేశపు పౌరుడు. అరెస్టు చేశారు. చివరికి హైదరాబాద్ సంస్థానం దాటి పోకూడదన్న షరతు మీద వదిలారు. అలా యుద్ధం ఒక మనిషిని బలవంతంగా తెచ్చి మన తెలంగాణలో పడేసింది. ఆ యుద్ధమే లేకపోతే ఆయన నాగా కొండలకే పోయేవాడేమో!

ఊరికే కూర్చోలేదు. 1940లో నల్లమలలో చెంచుల దగ్గర ఉన్నాడు. తర్వాత గోదావరి కొండల్లో కొండరెడ్ల దగ్గరికి పోయాడు. అడవి కాంట్రాక్టర్లు అప్పులిచ్చి కొండరెడ్లను వెట్టికి కట్టేసుకున్న తీరు చూసి ప్రభుత్వానికి నివేదిక రాశాడు. ఆయన పరిశోధన అక్కడే పరిశోధనగా ఆగిపోలేదు, ఫిర్యాదుగా మారింది.

ఇక ఆదిలాబాద్. అదే 1940లో జోడేఘాట్ కొండల్లో పోలీసులు కొమురం భీంను, ఆయన వెంట ఉన్నవాళ్లను కాల్చి చంపారు. నిజాం ప్రభుత్వం దృష్టిలో అది మొదట శాంతిభద్రతల సమస్య. అడవిలో పోడు చేసుకుంటున్నవాళ్లు జంగ్లాత్ వాళ్లకు ఎదురు తిరిగారు, తుపాకులు పంపాలి, అంతే. కాల్పుల తర్వాత కూడా ఊళ్లు చల్లబడలేదు. అప్పుడు గానీ సర్కారుకు అనుమానం రాలేదు, అసలు వీళ్లు ఎందుకు తిరగబడ్డారు అని. రెవెన్యూ, పోలీసు శాఖలు చూస్తున్న గ్రిగ్‌సన్ అనే ఆంగ్లేయ అధికారి బస్తర్ గోండుల మీద పుస్తకం రాసినవాడు. ఇలాంటి పనికి హైమన్‌డార్ఫ్ పనికొస్తాడని ఆయనకు తెలుసు.

ఇక్కడ కాస్త మన జిల్లా వైపు కూడా చూడాలి. అదే కాలంలో, అదే సర్కారు మంజీరా మీద నిజాంసాగర్ కట్టింది, బోధన్‌లో చక్కెర కర్మాగారం పెట్టింది. కాలువలు తవ్వడం, చెరుకు పండించడం తెలిసిన సర్కారు అది. చేతకానిది కాదు. గోదావరి ఇవతల అంత జాగ్రత్తగా పని చేసినవాళ్లకు అవతల అడవిలో ఉన్న గోండు రైతు కనబడలేదు. ఆయన కంటికి కనబడింది తుపాకీ పేలిన తర్వాతే.

హైమన్‌డార్ఫ్, బెట్టి మార్లవాయి అనే గోండు ఊళ్లో గుడిసె వేసుకుని ఉన్నారు. ఇప్పుడది కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలం. ఆయన గోండీ నేర్చుకున్నాడు. పెళ్లిళ్లు, చావులు, పెర్సపేన్ పూజలు, ప్రధానుల పాటలు అన్నీ రాసుకున్నాడు. దానితో పాటు రెవెన్యూ కాగితాలు కూడా చూశాడు. ఆయన పని మిగతా పండితుల పనికంటే వేరుగా నిలిచింది అక్కడే. గోండులు తరాలుగా దున్నుతున్న భూమి చాలావరకు శివాయి జమాబందీ, అంటే పన్ను కడతారు గానీ పట్టా ఉండదు. రైల్వే, రోడ్డు వచ్చాక మైదానం నుంచి వచ్చినవాళ్లు పట్వారీని పట్టుకుని ఆ భూములను తమ పేర రాయించుకున్నారు. మిగిలినదాన్ని రిజర్వు ఫారెస్టు గీత మింగింది. గీత ఎక్కడ గీశారో గోండుకు చెప్పినవాడు లేడు. రాత్రికి రాత్రే సొంత చేనులో దొంగ అయ్యాడు. భీం తిరుగుబాటుకు కారణం ఇదేనని ఆయన నివేదికల్లో స్పష్టంగా పెట్టాడు.

తర్వాత జరిగినవి చెప్పుకోదగ్గవి. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. వాళ్ల భాషలోనే, దేవనాగరి లిపిలో, వాచకాలు తయారు చేశారు. బయటి నుంచి పంతుళ్లను తెచ్చి పెడితే వాళ్లు ఉండరని తెలుసు కాబట్టి, అక్షరం ముక్క వచ్చిన గోండు కుర్రవాళ్లనే పంతుళ్లుగా తయారు చేశారు. అలా చదివినవాళ్లలో కొందరు తర్వాత సర్కారు కొలువుల్లోకి వచ్చారు. సేతుమాధవరావు పగడి అనే అధికారి గోండీ నేర్చుకుని ఈ పనికి వెన్నుదన్నుగా నిలిచాడు. ఆ దశాబ్దంలో ఆదిలాబాద్ గిరిజనులకు లక్ష ఎకరాలకు పైగా భూమికి పట్టాలు వచ్చాయి. 1356 ఫసలీలో, అంటే 1946లో, గిరిజన ప్రాంతాల చట్టం వచ్చింది. కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు వచ్చి గిరిజనుల గోడు వినే దర్బారు కూడా ఆ రోజుల్లో ఆయన చొరవతో మొదలైందే. నేటికీ ప్రతి ఏటా నడుస్తోంది.

మధ్యలో ఒక విచిత్రం జరిగింది. 1944లో భారత ప్రభుత్వ విదేశాంగ శాఖ ఈయనను ప్రత్యేక అధికారిగా నియమించి సుబన్‌సిరి ప్రాంతానికి పంపింది. ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్‌లో, టిబెట్‌కు ఆనుకుని ఉన్న కొండలు అవి. ఐదేళ్ల క్రితం శత్రువని కట్టడి చేసిన మనిషినే ఇప్పుడు సరిహద్దుకు పంపుతున్నారు! కారణం అవసరం. 1914లో సిమ్లాలో మెక్‌మహన్ రేఖ గీశారు గానీ, అది ముప్పై ఏళ్లుగా పటం మీదే ఉంది. ఆ రేఖకు ఇవతల ఎవరున్నారో, వాళ్లు ఎవరికి పన్ను కడుతున్నారో, ఉప్పు ఎక్కడినుంచి తెచ్చుకుంటున్నారో ఢిల్లీకి తెలియదు. 1944లో జపాన్ సైన్యం కోహిమా దాకా వచ్చింది. సరిహద్దు అంటే గీత కాదు, అక్కడ బతికే మనుషులు అని పాలకులకు అప్పుడు అర్థమైంది.

హైమన్‌డార్ఫ్, బెట్టి ఇద్దరూ అపతానీల లోయకు వెళ్లారు. చుట్టూ అడవి కొండలు, మధ్యలో చక్కగా మళ్లు కట్టి వరి పండించే జనం. పక్క కొండల్లోని నిషీలతో వాళ్లకు పాత పగలు, పశువుల్ని తోలుకుపోవడాలు, మనుషుల్ని ఎత్తుకుపోవడాలు. పాంగ్షాలో దండుతో నడిచినవాడు ఇక్కడ ఎక్కువగా మాటలతో, పంచాయితీలతో పని నడపడానికి చూశాడు.

1945లో తిరిగొచ్చాక నిజాం ప్రభుత్వానికి గిరిజన, వెనుకబడిన తరగతుల సలహాదారుగా నియమితుడయ్యాడు. ఉస్మానియాలో పాఠం కూడా చెప్పేవాడు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో సంస్థానం ఇండియాలో కలిసింది. 1949లో ఆయన లండన్ వెళ్లి అక్కడి ప్రాచ్య విద్యా సంస్థలో బోధనలో చేరాడు, తర్వాత ఆచార్యుడయ్యాడు. తర్వాతి కాలంలో నేపాల్‌లో షెర్పాల మీద చేసిన పని కూడా పేరున్నదే. దాన్ని ఇక్కడ వదిలేస్తున్నాం.

ఈలోగా సరిహద్దులో చరిత్ర పెద్ద మలుపులు తిరిగింది. చైనా సైన్యం 1950లో టిబెట్‌లోకి వచ్చింది. 1954లో నెహ్రూ చైనాతో చేసుకున్న ఒప్పందంలోని ఐదు సూత్రాలకు పంచశీల అని పేరు. తర్వాత కొన్నేళ్లకు ఈశాన్య సరిహద్దు గిరిజనుల పట్ల పాలన ఎలా ఉండాలో చెబుతూ ఆయన పెట్టిన ఐదు సూత్రాలకూ అదే పేరు నిలిచింది. వాళ్ల భూమి, అడవి హక్కులు కాపాడాలి, బయటివాళ్లను ఎక్కువగా దించకూడదు, వాళ్లలోంచే అధికారులను తయారు చేయాలి అన్నవి వాటిలో ముఖ్యమైనవి. ఆ ఆలోచన వెనుక ఉన్న సలహాదారు వెరియర్ ఎల్విన్. మార్లవాయి అనుభవం కూడా అదే దారిలోనిది. చైనాతో పంచశీల నిలవలేదు. 1959లో సుబన్‌సిరి ఎగువన లోంగ్జూ దగ్గర కాల్పులు, 1962లో యుద్ధం. గిరిజన పంచశీల మాత్రం చాలావరకు నిలిచింది. 1873 నాటి ఇన్నర్ లైన్ నిబంధన ఉండనే ఉంది. బయటివాడు అనుమతి లేకుండా లోపలికి పోలేడు, భూమి కొనలేడు.

1970ల చివర్లో హైమన్‌డార్ఫ్ మళ్లీ రెండు చోట్లా తిరిగాడు. అపతానీల భూమి అపతానీల చేతిలోనే ఉంది. పిల్లలు కాలేజీలకు పోతున్నారు, దుకాణాలు పెట్టారు. ఆదిలాబాద్‌లో, తాను కూర్చుని పట్టాలిప్పించిన ఊళ్లలో, గోండులు తమ చేలల్లోనే కూలీలుగా కనిపించారు. 1959 నాటి భూబదలాయింపు నిషేధ చట్టం తెలంగాణకు 1963లో గానీ రాలేదు. 1970లో దాన్ని గట్టి చేశారు, మనం వన్ ఆఫ్ సెవెంటీ అనేది అదే. చట్టం కాగితం మీద ఉండగానే భూములు పోయాయి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వస్తున్న గోండుల మీద పోలీసు కాల్పులు జరిగాయి. జోడేఘాట్ జరిగిన నలభై ఏళ్లకు, అదే జిల్లాలో, అదే భూమి కోసం. మా అభిప్రాయం సూటిగా చెబుతాం. అపతానీల భూమి దక్కడానికి వాళ్ల పక్కన చైనా ఉండటం కూడా ఒక కారణం. గోండుల పక్కన ఏ దేశమూ లేదు.

ఇక అసలు కష్టమైన విషయానికి వద్దాం. 1982లో వచ్చిన ఆయన పుస్తకంలో, ఆదిలాబాద్ గోండుల భూములు పోవడానికి కారణమైనవాళ్లలో లంబాడాలను కూడా చేర్చాడు. తెలంగాణలో లంబాడాలను 1976 చట్టం ద్వారా షెడ్యూల్డు తెగల్లో చేర్చారు. మహారాష్ట్రలో బంజారాలు ఆ జాబితాలో లేరు. దాంతో అక్కడినుంచి ఆదిలాబాద్‌కు వలసలు పెరిగాయని, గిరిజనేతరులను ఆపే చట్టం కొత్తగా గిరిజనులైనవాళ్లను ఆపలేకపోయిందని ఆయన వాదన. ఈ మాటలు నేటికీ రెండు వర్గాల గొడవల్లో తిరుగుతూనే ఉన్నాయి.

మన సంఘంలో ఎక్కువమందిమి లంబాడాలం, నాయక్‌పోడ్ కుటుంబాలూ ఉన్నాయి. ఇది చదివి కొందరు పెద్దలు, ఆయన గురించి మనమెందుకు రాయాలి అని అడిగారు. మేము చాలాసేపు మాట్లాడుకున్నాం. ఆదిలాబాద్‌లో భూమి చేతులు మారిన సంగతి ఆయన కళ్లారా చూసి రాశాడు, దాన్ని కాదనలేం. కానీ లంబాడాల బాధ ఆ పుస్తకంలో పట్టలేదన్నది కూడా నిజమే. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి మొఘలుల దగ్గర్నుంచి అందరి సైన్యాలకూ తిండి అందించినవాళ్లు మన పూర్వీకులు. రైలు వచ్చి ఆ బతుకు తీసేసింది. బ్రిటిష్ ఇండియాలో చాలాచోట్ల 1871 చట్టం కింద నేరస్థ జాతి అని ముద్ర వేశారు. సైన్యానికి అవసరమున్నంత కాలం భద్రతకు ఆసరా, అవసరం తీరాక భద్రతకే ముప్పు. నిలువ నీడ వెతుక్కుంటూ పోయినవాడు ఇంకొకరి నీడలోకి పోయాడు.

ఇంకో సంగతి. మన నిజామాబాద్ జిల్లా షెడ్యూల్డు ప్రాంతం కాదు. వన్ ఆఫ్ సెవెంటీ ఇక్కడ వర్తించదు. భీమ్‌గల్ తండాల్లో భూమి అమ్ముకుని గల్ఫ్ వీసాకు కట్టినవాళ్లు ఎంతమంది ఉన్నారో మీ ఇళ్లలోనే అడగండి. విదేశాంగ విధానం మన దగ్గరికి వచ్చేది దుబాయి, మస్కట్ పాస్‌పోర్టుగానే. ఇలాంటి తండాకు హైమన్‌డార్ఫ్ లాంటివాడు ఒకడొచ్చి మూడేళ్లు ఉండి రాసి ఉంటే బాగుండేది. రాలేదు. ఇప్పుడు మీలోంచే ఎవరైనా రాయాలి.

బెట్టి 1987 జనవరి 11న హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆమెను మార్లవాయిలోనే ఖననం చేశారు. హైమన్‌డార్ఫ్ 1995లో లండన్‌లో చనిపోయాడు. ఆయన అవశేషాలను 2012లో తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. ప్రతి జనవరి 11న గోండులు అక్కడ తమ పద్ధతిలో వర్ధంతి జరుపుతారు.

వచ్చే జనవరిలో సంఘం తరఫున ఒక బండి కట్టుకుని వెళ్దామనుకుంటున్నాం. ఆర్మూరు మీదుగా సోన్ దగ్గర గోదావరి దాటి, నిర్మల్, ఉట్నూరు నుంచి జైనూరు. తెల్లవారుజామున బయలుదేరితే సభ వేళకు చేరతాం. లంబాడా పిల్లలు వచ్చారంటే అక్కడివాళ్లు ఎలా చూస్తారో అన్న బెరుకు మాలో కొందరికి ఉంది. ముందుగా అక్కడి పెద్దలతో మాట్లాడి, వాళ్లు సరేనంటేనే కదులుతాం. రావాలనుకునేవాళ్లు లింబాద్రి గుట్ట జాతర లోపు మాకు పేర్లివ్వండి.