పదిహేడేళ్ల మాస్టారు

1826లో కలకత్తాలోని హిందూ కళాశాలలో ఒక కొత్త ఉపాధ్యాయుడు చేరారు. ఆయన చెప్పాల్సినవి ఆంగ్ల సాహిత్యం, చరిత్ర. ఆయన వయసు 17 ఏళ్లు. శిష్యుల్లో రసిక్ కృష్ణ మల్లిక్ ఆయన కన్నా ఏడాదే చిన్న. కృష్ణమోహన్ బెనర్జీ, రామతను లాహిరి, రాధానాథ్ సిక్దార్ నాలుగేళ్లు చిన్న. వాళ్లంతా కలిసి వీధిలో నడుస్తుంటే ఎవరు గురువో, ఎవరు శిష్యులో కొత్తవారు పోల్చుకోలేరు.

ఆయన పేరు హెన్రీ లూయీ వివియన్ డెరోజియో. 1809 ఏప్రిల్ 18న కలకత్తాలో పుట్టారు. తండ్రిది పోర్చుగీసు, భారతీయ మూలాలు కలిసిన కుటుంబం. ధర్మతలాలో డేవిడ్ డ్రమ్మండ్ అనే స్కాట్లాండ్ పంతులుగారి బడిలో చదివారు. అక్కడ భారతీయుల పిల్లలు, ఐరోపావాళ్ల పిల్లలు, ఇటు అటు కాని కుటుంబాల పిల్లలు ఒకే చోట కూర్చునేవారు. ఏది చెప్పినా ఎందుకని అడగడం డెరోజియోకు అక్కడే అలవాటైంది. 14 ఏళ్లకే ఆ చదువు ముగిసింది. కొన్నాళ్లు తండ్రి పనిచేసే కంపెనీలో గుమాస్తాగా ఉన్నారు. తరవాత భాగల్‌పూర్‌లో బంధువుల నీలిమందు కర్మాగారానికి వెళ్లారు. గంగ ఒడ్డున కూర్చుని రాసిన కవితలు కలకత్తా పత్రికల్లో అచ్చయి పేరు తెచ్చాయి. చేతిలో పట్టా లేకుండానే ఉపాధ్యాయ ఉద్యోగం వచ్చింది.

తరగతిలో ఆయన పాఠాన్ని వల్లె వేయించలేదు. ఒక మాట చెప్పి, దానికి ఎదురు మాట కూడా చెప్పి, మీరేమంటారని అడిగేవారు. గంట కొట్టాక కూడా పిల్లలు ఆయన్ని వదిలేవారు కాదు. ఇంటికీ వెళ్లేవారు. 1828లో వాళ్లంతా కలిసి అకడమిక్ అసోసియేషన్ అనే చర్చా సభ పెట్టుకున్నారు. మాణిక్‌తలాలోని ఒక తోట ఇంట్లో విధి, దేవుడు, విగ్రహారాధన, దేశభక్తి వంటి విషయాలపై వాదించుకునేవారు. విద్యాదాత డేవిడ్ హేర్ వంటి పెద్దలు కూడా వచ్చి వినేవారు.

పిల్లల ఉత్సాహం ఇళ్లలోకి వచ్చేసరికి గొడవలయ్యాయి. కొందరు ఇంటి ఆచారాలను ఎగతాళి చేశారు. పెద్దల మాటకు ఎదురు చెప్పారు. ఊళ్లో పుకార్లు పుట్టాయి. దేవుడు లేడని డెరోజియో చెబుతున్నారన్నారు. తల్లిదండ్రుల మాట వినక్కర్లేదని నేర్పుతున్నారన్నారు. చివరికి అన్నాచెల్లెళ్ల పెళ్లి తప్పు కాదంటున్నారని కూడా అన్నారు. కొందరు పిల్లల్ని కళాశాల మాన్పించారు.

1831 ఏప్రిల్‌లో కళాశాల నిర్వాహకులు సమావేశమయ్యారు. పిల్లలకు పాఠం చెప్పడానికి ఆయన తగరని అనడానికి ఎక్కువమంది ఒప్పుకోలేదు. అయినా ఊరివాళ్ల ఆగ్రహం చల్లారాలంటే తీసెయ్యక తప్పదనుకున్నారు. ఆయన్ని పిలిచి ఒక్క మాట అడగలేదు. ఏప్రిల్ 25న ఆయనే రాజీనామా ఇచ్చారు. 22 ఏళ్లు నిండి వారమే అయింది.

నిర్వాహకుల్లో ఒకరైన సంస్కృత పండితుడు విల్సన్ మాత్రం, ఆ మూడు పుకార్లలో నిజమెంతని ఉత్తరం రాసి అడిగారు. డెరోజియో వివరంగా జవాబిచ్చారు. దేవుడి విషయంలో హ్యూమ్ సందేహాలతో పాటు వాటిని ఖండించినవారి వాదనలూ పిల్లల ముందు పెట్టానన్నారు. అన్నాచెల్లెళ్ల మాట శుద్ధ అబద్ధమన్నారు.

తల్లిదండ్రుల విషయంలో ఒక సంఘటన చెప్పారు. దక్షిణారంజన్ ముఖర్జీ అనే శిష్యుడు, తండ్రి పెట్టే బాధ భరించలేక ఇల్లు వదిలిపోతానంటూ ఆయన దగ్గరకు వచ్చాడు. ఆ బాధ నిజమేనని డెరోజియోకు తెలుసు. అయినా కన్నవారి దగ్గర ఎంతో ఓర్చుకోవాలని నచ్చజెప్పి ఆపారు. కొన్ని వారాలు గడిచాక కుర్రాడు ఇల్లు వదిలి, మాస్టారి ఇంటి దగ్గరే అద్దెకు దిగాడు. అంతా అయ్యాకే ఆయనకు చెప్పాడు. ముందు నన్నెందుకు అడగలేదంటే, అడిగితే మీరు వెళ్లనివ్వరని తెలుసు గనక అన్నాడు.

ఊరంతా పిల్లల్ని ఇంటికి దూరం చేస్తున్నారని నిందించిన మనిషి, ఆ పిల్లాణ్ని ఇంట్లో నిలపడానికి ప్రయత్నించారు. ఆ సంగతి ఆ పిల్లాడికి తెలుసు. నిర్వాహకులకు తెలియదు, ఎందుకంటే వాళ్లు అడగలేదు.

ఆ తరవాత డెరోజియో ఈస్ట్ ఇండియన్ అనే పత్రిక నడిపారు. అదే ఏడాది డిసెంబర్ 26న కలరాతో పోయారు. మంచం పక్కన ఉండి సేవ చేసినవారిలో కృష్ణమోహన్, దక్షిణారంజన్ ఉన్నారు. రామతను లాహిరి తరవాత పేరున్న ఉపాధ్యాయుడయ్యారు. రాధానాథ్ సిక్దార్ ఎవరెస్టు ఎత్తును లెక్కగట్టారు. దక్షిణారంజన్ కలకత్తాలో ఆడపిల్లల బడికి స్థలమిచ్చారు.

మన బడుల్లోనూ బీఎడ్ అవుతూనే 22, 23 ఏళ్లకు పదో తరగతి ముందు నిలబడేవారున్నారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. ఇంట్లో చెప్పని మాటను పిల్లలు ముందు వాళ్లకే చెబుతారు. ఆ మాట విన్న టీచరుకు పిల్లాడి మెప్పు కన్నా పిల్లాడి మేలు ముఖ్యం కావాలి. ఇంటి పెద్దలకు ఏదైనా అనుమానం వస్తే ఊరిని అడగొద్దు, బడికొచ్చి ఆ టీచర్నే అడగండి. డెరోజియోకు దక్కనిది ఆ ఒక్క అవకాశమే.