సర్దారు గౌతు లచ్చన్న

శ్రీకాకుళమునకు ఉత్తరమున, సోంపేటకు చేరువగా, సముద్రపుటొడ్డున బారువ యను గ్రామము కలదు. ఒకప్పుడది ఓడలు వచ్చి నిలిచిన రేవు. చుట్టును కొబ్బరి, జీడి, పనస తోటల ఉద్దానపు సీమ. గౌతు లచ్చన్న 1909 ఆగస్టు 16న అచ్చట జన్మించిరి. ఆనాడా ప్రాంతము మద్రాసు రాజధానిలోని గంజాము జిల్లాలో నుండెను. 1936లో ఒరిస్సా వేరుపడినప్పుడు విశాఖపట్టణము జిల్లాలో కలిసి, 1950లో శ్రీకాకుళము జిల్లాలో భాగమయ్యెను. తండ్రి చిట్టయ్య, తల్లి రాజమ్మ. కులవృత్తి కల్లుగీత. తాటిచెట్టెక్కి దిగువారికి బడితో పనియేమని లోకము తలంచు కాలమది.

లచ్చన్న మాత్రము మందసా ఉన్నత పాఠశాల వరకు వెళ్ళగలిగిరి. ఆ చదువును నిలిపివేసినది పేదరికము కాదు, ఉప్పు. 1930లో గాంధీమహాత్ముని పిలుపు విని, బడి విడిచి, బారువలో సముద్రపు నీటితో ఉప్పు వండి పట్టుబడిరి. టెక్కలి, నరసన్నపేట ఠాణాల చెఱలు చూచి, పిదప బరంపురము జైలుకు నడిచిరి. అప్పటికాయన వయస్సు ఇరువది యొకటి నిండలేదు.

తెల్లదొర దూరమున నుండెను. జమీందారు మాత్రము గుమ్మము ముందే యుండెను. అడవిలో కట్టెపుల్ల యేరుకొన్నను నేరమే. ఆచార్య రంగా నడపిన రైతూద్యమమున లచ్చన్న చేరుటకు కారణమిదియే. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ పలాసలో జరిగెను. అటు పిమ్మట కొలది దినములకే, ఏప్రిల్ 1న, మందసా జమీనులోని గుడారి రాజమణిపురమున పోలీసులు కాల్పులు జరిపిరి. గర్భవతియైన గున్నమ్మయు, మరి నలుగురును నేలకొరిగిరి. 1942 ఉద్యమమున లచ్చన్నకు మరల చెఱసాల తప్పలేదు. ఆయన పేరు ముందున్న సర్దారు ప్రభుత్వమిచ్చిన బిరుదు కాదు, జనులు పిలుచుకొన్న పిలుపు.

ఆయన జీవితమున మిక్కిలి వివాదాస్పదమైన ఘట్టము 1954 నాటిది. మద్యనిషేధము కాంగ్రెసువారి పవిత్ర వ్రతము. లచ్చన్నయు ఆ వ్రతమున పెరిగినవారే. కాని చట్టము వచ్చిన పిదప మోకు, కత్తి మూలబడి, వేల కుటుంబముల పొయ్యి వెలుగలేదు. వారికి సెంటు భూమి లేదు, మరియొక పని రాదు. మద్యనిషేధమును విచారించిన రామమూర్తి సంఘము దానిని ఎత్తివేయుమని సూచించినను ఆంధ్ర ప్రభుత్వము అంగీకరింపలేదు. కృషికార్ లోక్ పార్టీ పక్షమున లచ్చన్న గీతపనివారిని సత్యాగ్రహమునకు నడపిరి. నవంబరు నెలలో శాసనసభయందు ఒక్క వోటు తేడాతో ప్రకాశం మంత్రివర్గము కూలిపోయెను. ఎనుబది రెండేండ్ల ఆంధ్రకేసరిని గద్దె దింపిరను నింద నేటికిని ఆయనను విడువలేదు. ఆ నింద వేయువారిలో తాటిచెట్టు మీద బ్రతికినవారు మాత్రము కానరారు.

1955లో ఆయన కాంగ్రెసుతో పొత్తు కుదుర్చుకొన్న పక్షమున గెలిచి, గోపాలరెడ్డి మంత్రివర్గమున మంత్రియైరి. 1959లో రంగాతోపాటు స్వతంత్ర పార్టీలో చేరిరి. విచిత్రమేమన, ఆ పార్టీ పెద్ద రాజాజీ. 1937లో సేలము జిల్లాతో మద్యనిషేధమునకు శ్రీకారము చుట్టినవారు వారే!

1967 ఎన్నికలలో లచ్చన్న సోంపేట శాసనసభా స్థానమును, శ్రీకాకుళము లోక్‌సభా స్థానమును గూడ గెలుచుకొనిరి. రంగా ఓడిపోయిరి. లచ్చన్న లోక్‌సభ స్థానమును వదలుకొని, ఉపఎన్నికలో రంగాను శ్రీకాకుళము నుండి గెలిపించిరి. గుంటూరుసీమ గురువుకు ఉద్దానపు శిష్యుడిచ్చిన ఈ దక్షిణను జిల్లావాసులు చిరకాలము చెప్పుకొనిరి. తాము హైదరాబాదులో నిలిచి ప్రతిపక్ష నాయకులైరి. 1972-73 జై ఆంధ్ర ఉద్యమమున ముందు వరుసలో నిలిచిరి. అత్యవసర పరిస్థితి కాలమున, అరువది యైదేండ్లు దాటిన వయస్సున, మరల జైలు చూచిరి. అనంతరము జనతా పార్టీలో పనిచేసిరి.

ఆయన కుమారుడు శ్యామసుందర శివాజీ సోంపేట నుండి పలుమారులు శాసనసభకు ఎన్నికైరి. లచ్చన్న 2006 ఏప్రిల్ 19న, తొంబది యారేండ్ల వయస్సున, విశాఖపట్టణమున కన్నుమూసిరి.