మెదడుకు అద్దం పట్టిన డిప్లొమా ఇంజినీరు

హారోలో ఉన్న మన తెలుగువాళ్లకు నార్త్‌విక్ పార్క్ ఆస్పత్రి తెలియనిది కాదు. ఒళ్లంతా స్కాన్ చేసే తొలి ఈఎంఐ యంత్రాల్లో ఒకటి 1975లో ఇక్కడికే వచ్చిందన్న సంగతి మాత్రం కొద్దిమందికే తెలుసు. సీటీ స్కానర్‌ను రూపొందించిన సర్ గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ యూనివర్సిటీ డిగ్రీ ఉన్నాయన కాదు. డిప్లొమా చదివారు. సైట్ల మీద పనిచేసే మా డిప్లొమా వాళ్లకు ఆయనంటే అందుకే అంత అభిమానం.

1919 ఆగస్టు 28న నెవార్క్‌లో పుట్టారు. రైతుబిడ్డ, ఐదుగురు పిల్లల్లో చివరివాడు. సొంతంగా చేసుకున్న గ్లైడర్‌తో గడ్డివాము మీంచి దూకిన గడుగ్గాయి! రెండో ప్రపంచ యుద్ధకాలంలో వైమానిక దళంలో చేరి రాడార్ పని నేర్చుకున్నారు. తర్వాత లండన్ ఫారడే హౌస్‌లో డిప్లొమా చేసి, మన హారోకు దగ్గర్లోని హేస్‌లో ఈఎంఐ కంపెనీ ఉద్యోగి అయ్యారు.

అనేక కోణాల నుంచి ఎక్స్‌రేలు పంపి, కంప్యూటర్‌తో లెక్కకడితే లోపలి భాగాన్ని పొరలు పొరలుగా చూడొచ్చన్న ఆలోచన ఆయనకు 1967లో వచ్చింది. మొదటి ప్రయోగంలో ఒక్క బొమ్మ కొలతలకే తొమ్మిది రోజులు పట్టింది. అయినా వదల్లేదు. 1971 అక్టోబరు 1న వింబుల్డన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆస్పత్రిలో తొలి రోగి మెదడును స్కాన్ చేశారు. 1979లో అలన్ కార్మాక్‌తో కలిసి నోబెల్ అందుకున్నారు.

స్కాన్‌లో కనిపించే సాంద్రతను ఇప్పటికీ ఆయన పేరుతోనే కొలుస్తారు. నీటికి 0, గాలికి మైనస్ 1000. పక్షవాతం వైద్యానికి ఈ అంకెలే ప్రాణాధారం. మెదడు రక్తనాళం మూసుకుపోతే కొంతభాగం త్వరగా చచ్చిపోతుంది. దాని చుట్టూ ఉన్న భాగం, పక్క నాళాల నుంచి అందే కాస్త రక్తంతో కొనఊపిరితో ఉంటుంది. నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించి, సెకన్ల తేడాతో వరసగా స్కాన్లు తీస్తారు. మందు చేరినచోట అంకె పెరుగుతుంది. ఎక్కడ ఆలస్యంగా పెరిగిందో, ఎక్కడ అసలు పెరగలేదో చూసి, నాళం తెరవకపోతే ఇంకెంత మెదడు దెబ్బతింటుందో డాక్టర్లు అంచనా వేస్తారు. దీన్నే పెర్ఫ్యూజన్ స్కాన్ అంటారు. ఇలాంటి స్కాన్లతో ఎంపిక చేసిన కొందరికి 24 గంటల్లోపు కూడా గడ్డ తొలగిస్తే మేలు జరుగుతుందని 2018లో వెలువడిన పరిశోధనలు తేల్చాయి.

అలాగని ఆగమని కాదు. మూతి వంకర పోయినా, చెయ్యి లేవకపోయినా, మాట తడబడినా వెంటనే 999కి ఫోన్ చేయాలి. పొద్దున చూద్దాంలే అనుకుంటే బతికున్న భాగమూ పోతుంది.

పెళ్లి చేసుకోకుండా, పనే లోకంగా బతికిన హౌన్స్‌ఫీల్డ్ 2004 ఆగస్టు 12న కన్నుమూశారు. ఆయన పేరు మాత్రం రోజూ ప్రతి స్కానింగ్ గదిలోనూ వినబడుతూనే ఉంది.